దాలమ్మ నడక

వెనకటికెప్పుడో, సముద్రం మన ఊరికి ఇప్పటికన్నా చాలా దూరంలో ఉన్న రోజుల్లో, దాలమ్మ అనే మనిషి ఉండేది. ఊఁ కొడుతూ ఉండండి, చెబుతాను.

దాలమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని మూడూళ్లు తిరిగి అమ్మేది. మొగుడు పోయాడు. పిల్లలు కలగలేదు. ఉన్నది ఒక గుడిసె, ఒక గంప, ఒక నవ్వు. ఆమె నవ్విందంటే వీధి చివర పడుకున్న కుక్కలు లేచి చూసేవట.

యాభై దాటాక, ఎప్పుడో ఆగిపోయిన ముట్టు ఆమెకు మళ్లీ కనిపించింది. మొదటి నెల వేడి చేసిందనుకుంది. రెండో నెల గంప బరువనుకుంది. మూడో నెల ఏమీ అనుకోలేదు, భయపడింది. ఆ ఊరి ఆడవాళ్లు అన్నీ మాట్లాడుకునేవారు గానీ ఆ ఒక్క మాట మాట్లాడుకునేవారు కాదు.

పెరట్లో ఆరేసిన పాతగుడ్డలు, ఆమెను అక్కలా చూసుకుంటూ అప్పా అని పిలిచే తోటికోడలు బంగారి కంటపడ్డాయి.

"ఎన్నాళ్లబట్టి, అప్పా?"

"మూడు నెలలు."

"మరి నాకు సెప్పలేదేటి?"

"సిగ్గేసింది."

బంగారి మర్నాడే ఎడ్లబండి కట్టించి పట్నంలోని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసింది. గర్భసంచిలో కేన్సరు పుట్టిందని, పొట్ట కోసి సంచి తీసెయ్యాలని చెప్పింది.

"తీసెయ్ తల్లీ. దాంట్లో ఎవరూ కాపరం లేరు" అంది దాలమ్మ. నవ్వుతూనే అంది గానీ ఆమె చెయ్యి బంగారి కోసం వెతికింది. బంగారి ఆ చెయ్యి పట్టుకుంది.

ఆపరేషను అయింది. ఒక రోజు మత్తులో పోయింది. ఒక రోజు నొప్పితో పోయింది. మూడో రోజు పొద్దున్నే డాక్టరమ్మ వచ్చి, "కడుపులో గాలి కదిలిందా?" అని అడిగింది.

"గాలి కాదు తల్లీ, తుపానే ఒచ్చింది" అంది దాలమ్మ.

వార్డు వార్డంతా నవ్వింది. దాలమ్మ కూడా నవ్వబోయింది. కుట్లు లాగి ప్రాణం పోయినట్టయింది. నర్సమ్మ పరుగున వచ్చి చిన్న దిండు చేతికిచ్చింది. "దగ్గొచ్చినా, నవ్వొచ్చినా దీన్ని పొట్టకి అదుముకో" అంది. దాలమ్మ దిండు అదుముకుని మిగిలిన నవ్వు పూర్తి చేసింది.

కొన్నాళ్లకు డాక్టరమ్మ కాగితం పట్టుకొచ్చింది. "జబ్బు సంచి దాటి పోలేదు. సంచితోపాటే వచ్చేసింది" అంది. అప్పుడు ఏడ్చింది దాలమ్మ, అన్ని రోజుల్లో మొదటిసారి.

ఇంటికి పంపుతూ డాక్టరమ్మ మూడు మాటలు చెప్పింది. బరువెత్తకు. రోజూ నడు. నిన్నటికన్నా ఇవాళ ఒక్క పిసరు ఎక్కువ నడు.

"మరి నా గంప?"

"మూడు నెలలు ముట్టుకోకు."

ఇంటికొచ్చాక బంగారి అడిగింది. "అప్పా, ఇవాళ ఎవరింటిదాకా?"

"నా గడపదాకా."

మర్నాడూ అడిగింది. "ఇవాళ ఎవరింటిదాకా?"

"పక్కింటిదాకా."

పక్కింటావిడ ఏమైందని అడిగింది. కడుపునొప్పి అంటుందనుకుంది బంగారి. దాలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ముట్టు మళ్లీ రావడం, దాచుకోవడం, కోత, కుట్లు, అన్నీ. పక్కింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మర్నాడు రెండో ఇంట్లోనూ అలాగే చెప్పింది. ఆ ఇంటావిడ గంజి పోసి, కూర్చోబెట్టి విన్నది.

మూడో ఇల్లు కాసులమ్మది. ఆమె కొంగూ అడ్డం పెట్టుకోలేదు, గంజీ పొయ్యలేదు. దాలమ్మ లేచి వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"నాకూ అలాగే అవతంది, ఒదినా."

"ఎన్నాళ్లబట్టి?"

"నెల."

"అయితే నాకన్నా తెలివైనదానివి. రేపే ఎల్లు" అంది దాలమ్మ.

బంగారి మళ్లీ బండి కట్టించింది. కాసులమ్మకూ ఆపరేషను అయింది, ఆమె కూడా దిండు పట్టుకుని తిరిగొచ్చింది. అప్పటినుంచి ఇద్దరూ కలిసి నడిచారు. రోజుకో ఇల్లు. ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి ఆడది వెనక కలిసేది. దాలమ్మ గంపను కూడా వెనక నడిచే ఆ ఆడవాళ్లే వంతులేసుకుని మోశారు. అచ్చం ఆమె గొంతులాగే "దాలమ్మ చేపలో" అని కేకేసి అమ్ముకొచ్చారు.

ఇళ్లన్నీ అయిపోయి సముద్రం దగ్గరకు చేరేసరికి ఊళ్లో ఆడవాళ్లంతా ఆమె వెనకే ఉన్నారు. అల వచ్చి పాదాలు తడిపింది. "ఇక ముందు ఇళ్లు లేవర్రా" అని నవ్వింది దాలమ్మ. కుట్లు నొప్పెట్టలేదు.

ఆ తర్వాత ఇరవయ్యేళ్లు బతికింది. ముసలితనంతో, నిద్రలో పోయింది.

ఇప్పటికీ ఈ తీరంలో ఏ ఆడమనిషి ఆపరేషనై ఇంటికొచ్చినా, "ఎలా ఉంది?" అని అడగరు. "ఇవాళ ఎవరింటిదాకా?" అని అడుగుతారు. ఆమె వెనక నడుస్తారు, ఆమెను దాటి ఎవరూ అడుగెయ్యరు. మూడో ఇంటి ముందు మాత్రం, పని ఉన్నా లేకపోయినా, కాసేపు ఆగుతారు. ఆ ఇంట్లో ఎవరైనా ఏదైనా చెప్పాలనుకుంటున్నారేమోనని.