టేకు ముల్లుకు కాచిన నీళ్లు

"నా తప్పేమిటో చెప్పండి హజ్రత్" అన్నాడు జానీ గురువు ముందు నిలబడి. అది అడగడం కాదు, నిలదీయడం.

గురువు ఖుద్దూస్ షా, సముద్రం ఒడ్డున ఒక పాత దర్గాను చూసుకునే ఫకీరు. జాలరిపేట మొత్తం ఆయన్ని బాబా అంటుంది. మొక్కులకంటే దెబ్బలకే ఆయన దగ్గరికి ఎక్కువమంది వస్తారు. గాలం దిగినా, చేప కుట్టినా ముందు దర్గాకే పరుగు. తన చేతిలో లేనిదైతే ఆయనే ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి పంపేస్తాడు. జానీ ఆయన దగ్గర ఆరేళ్లుగా శిష్యుడు.

పది రోజుల కిందట, అందరూ ఒడ్డుకు అలివి వల లాగుతుండగా నూకరాజు అనే జాలరి మోకాలి లోతు నీళ్లలో టేకు చేపను తొక్కాడు. అది ఇసుకలో పళ్లెంలా పడుకుని ఉంటుంది. తొక్కితే తోక ఎగరేసి ముల్లు దించుతుంది. ఆ ముల్లులో విషం. పురిటి నొప్పులకు ఓర్చుకున్న ఆడవాళ్లు కూడా ఆ నొప్పికి ఓర్వలేమంటారు.

నూకరాజును మోసుకొచ్చేసరికి కాలికి తాడు బిగించి, గాయం నిండా సున్నం మెత్తి ఉంది. బాబా ఊళ్లో లేడు. జానీ తాడు కోసేశాడు, సున్నం కడిగేశాడు, మోటు మనుషులని అందరినీ తిట్టాడు. అంతవరకు బాగానే చేశాడు. తర్వాత నీళ్లు కాచాడు. టేకు విషానికి భరించగలిగినంత వేడి నీళ్లలో గంటన్నర కాలు పెట్టాలని గురువు చెప్పిన మాట. జానీ ఒక్కో చెంబూ పోస్తూ "వేడి చాలా?" అని అడిగాడు. నూకరాజు "ఇంకా పొయ్యి, ఇంకా పొయ్యి" అన్నాడు. జానీ పోశాడు.

నొప్పి పోయింది. మర్నాటికి కాలి తోలు కూడా పోయింది.

ఆసుపత్రిలో డాక్టరు విరిగిన ముల్లు ముక్క తీసి, ఇంజక్షన్లు వేసి ఒక మాట అన్నాడు. ముల్లు గాయం పక్షం రోజుల్లో మానుతుంది, కాలిన గాయానికే రెండు నెలలు పడుతుంది అని. చేపలు పడే రోజులవి. నూకరాజు భార్య పోలమ్మ దర్గా గుమ్మంలో నిలబడి పేటంతా వినేలా అరిచింది.

"టేకు కుట్టి సచ్చినోడు మా పేటలో లేడు బాబా. కాలు ఉడకబెట్టిన మొనగాడు మాత్తరం నీ సిస్యుడే."

బాబా ఆవిడకు చేతులు జోడించాడు. జానీని పల్లెత్తు మాట అనలేదు. జానీకి అదే మండింది. తిడితే బదులు చెప్పేవాడు. పది రోజులు ఉగ్గబట్టుకుని ఇప్పుడు బయటపడ్డాడు.

"భరించగలిగినంత అన్నారు మీరు. భరించేవాడే ఇంకా కావాలన్నాడు. ఒకటికి పదిసార్లు అడిగాను. మోటు వైద్యం మాన్పించినందుకు నాకిదా బహుమానం? నా కాలా అది? వాడి కాలే గదా, వాడికి తెలియదా?"

తప్పు చేసిన మనిషి నోట్లోంచి ఇంత న్యాయం ఎలా వస్తుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఒక్క మాటకూ వంక పెట్టలేం. అక్కడ మంచంలో నూకరాజు కాలు మాత్రం చీము పడుతూనే ఉంది.

బాబా నోరు తెరిచేలోపు బయట కేకలు వినిపించాయి. ఇద్దరు మనుషులు తాతారావును మోసుకొస్తున్నారు. అతను పోలమ్మ తమ్ముడు. బావ మంచాన పడ్డాక వల దగ్గర బావ వంతు కూడా తనే లాగుతున్నాడు. మడమ పక్కన ముల్లు దిగి రక్తం కారుతోంది. వెనకే పోలమ్మ.

ఆవిడ జానీని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈడు ముట్టుకుంటే ఒప్పుకోను బాబా. ఇంట్లో నిలబడ్డ కాలు ఇదొక్కటే."

"నేనూ ముట్టుకోను" అన్నాడు జానీ. "బాగైతే అల్లా దయ, పాడైతే జానీ పాపం. ఇలాంటి సేవ నాకొద్దు."

బాబా డెబ్బై దాటినవాడు. తనే లేచి పొయ్యి రాజేశాడు. గాయం కడిగి, పైకి కనిపిస్తున్న ముల్లు ముక్క పట్టకారుతో లాగాడు. తాతారావు తల నేలకేసి కొట్టుకుంటున్నాడు. బాబా కాగిన నీళ్లు తొట్టిలో పోసి, పక్కనే పీట వేసుకుని కూర్చుని, లుంగీ ఎత్తి, తన కాలు అందులో పెట్టాడు.

వెంటనే తీసేశాడు. చన్నీళ్లు కలిపాడు, మళ్లీ పెట్టాడు. కాలు నిలిచింది. అప్పుడు తాతారావు కాలు పట్టుకుని తన కాలి పక్కనే దింపాడు. నీళ్లు ఎర్రబడ్డాయి.

జానీ ముందుకు దూకాడు. "హజ్రత్, ఏమిటిది? జనం కళ్లకద్దుకునే పాదం, ఆ నెత్తుటి నీళ్లలోనా?"

బాబా వినిపించుకోలేదు.

"ఇంకా ఏడిగా పొయ్యండి బాబా" అని ఏడ్చాడు తాతారావు. "మీ కాలు మొక్కుతాను, పొయ్యండి."

"నా కాలు ఓర్చుకోదు నాయనా" అన్నాడు బాబా.

తాతారావు బతిమాలాడు, బూతులు తిట్టాడు. బాబా ఒక్క చెంబు ఎక్కువ పోయలేదు. నీళ్లు చల్లారినప్పుడల్లా తాతారావు కాలు బయటికి తీయించి, వేడివి కలిపి, ముందు తన కాలే పెట్టి చూశాడు. అరగంట అయ్యేసరికి తిట్లు తగ్గాయి. పోలమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

నాలుగోసారి కాలు పెట్టి బాబా కాసేపు ఆగాడు.

"వేడికి నా కాలు మొద్దుబారిపోయింది. ఇక దీని మాట నమ్మలేం. ఇంకో కాలు కావాలి."

పోలమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి ముందుకు వచ్చింది. జానీ ఆవిడకు అడ్డం వచ్చాడు. బాబా లేచిన పీట మీద కూర్చుని, పొయ్యి మీది నీళ్లు తనే ఒక చెంబు ముంచి, తొట్టిలో పోసి కాలు పెట్టాడు.

కాలు దానంతటదే బయటికి వచ్చేసింది. వేళ్లన్నీ ఎర్రగా కందిపోయాయి. జానీ వాటికేసి చూశాడు. ఆ రోజు చన్నీళ్లు చుక్క కలపకుండా పోసిన చెంబులు ఎన్నో అతనికి లెక్కలేదు.

"ఇంత వేడి పోస్తుంటే" అన్నాడు తల ఎత్తకుండానే, "నూకరాజు ఒక్కసారైనా అరవలేదేం?"

పోలమ్మ అతనికేసి చూసింది. ఆవిడ గొంతులో కోపం ఇంకా ఉంది.

"ఎందుకరుత్తాడు? నొప్పి తగ్గుతోంది గదా. నువ్వు పోసినంతసేపూ నీకు దండం పెడుతూనే ఉన్నాడు."

జానీ చన్నీళ్ల చెంబు అందుకుని తొట్టిలో వంచాడు. కాలు మళ్లీ పెట్టాడు.