వెనక సీటులో ఎడమ పక్క

మద్దిలేటికి మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. రోగమేమీ లేదు. ఒక శబ్దం, అంతే. అదీ తన బండిది కాదు, పశువుల డాక్టరు నాగశేషులు గారి కారుది.

నంద్యాలలో మద్దిలేటి షెడ్డుకు ఒక పేరుంది. బండి గేటులోకి రాకముందే మూలుగు విని రోగం చెప్పేస్తాడని. ఆ పేరు ఊళ్ళోవాళ్ళు పెట్టింది కాదు. మొదట తనే చెప్పుకున్నాడు. పదేళ్ళు చెప్పుకునేసరికి జనం నమ్మారు. జనం నమ్మడం చూసి తనూ నమ్మాడు. చిక్కు అక్కడే వచ్చింది.

డాక్టరు గారి కారు యాభై దాటితే చాలు, చక్రాల దగ్గర ఏదో దబ్ దబ్ మని కొట్టుకుంటోంది. మద్దిలేటి ఒక్కడే ఎక్కి ఒక చుట్టు తిప్పుకొచ్చి, కళ్ళు మూసుకుని, తల పంకించి, "ముందర ఎడమ పక్క బేరింగు సార్" అన్నాడు. మార్చాడు. శబ్దం పోలేదు. "దానికి తోడు కుడి పక్కది కూడా పోయింటాది" అన్నాడు. మార్చాడు. పోలేదు. మూడో రోజు బ్రేకులు విప్పి చూసి, అవి నిక్షేపంగా ఉన్నాయని తెలుసుకుని, మళ్ళీ బిగించి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా చేతులు కడుక్కున్నాడు. శబ్దం మాత్రం తన చోట తను మర్యాదగా ఉంది.

డాక్టరు గారి చెల్లెలి బిడ్డకు గిద్దలూరులో పేరు పెడుతున్నారు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఇంటిల్లిపాదీ ఐదుగురు ఆ కారులోనే నల్లమల ఘాటు దాటాలి. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. నిన్న డాక్టరు గారు, "పోవచ్చునంటావా? అనుమానముంటే చెప్పు, బస్సుకు పోతాం" అని అడిగాడు. మద్దిలేటి నోరు మద్దిలేటిని ఒక్క మాటైనా అడక్కుండా, "నిశ్చింతగా పొండి సార్, పూచీ నాది" అనేసింది.

ఆ రాత్రంతా మద్దిలేటి పడుకోకుండా ఘాటులోని మలుపులు లెక్కపెట్టుకున్నాడు.

పొద్దున పదింటికి ఇంక తట్టుకోలేక, ఆ కారే తీసుకుని ఖాజా పీరా ఉస్తాద్ ఇంటికి పోయాడు. తొమ్మిదేళ్ళు తనకు పని నేర్పిన మనిషి. అటు పోయి రెండేళ్ళయింది. పేరున్నవాడు గురువు ఇంటికి పోతే జనం ఏమనుకుంటారో అని పోలేదు. జనం ఏమీ అనుకోరని ఇప్పుడు తెలుసు. జనానికి వేరే పనులున్నాయి.

ఇంకో సంగతి. నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కన, సుత్తి దెబ్బల పక్కన నిలబడి నిలబడి ఉస్తాద్‌కు చెవులు పోయాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. శబ్దం ఎక్కడిదో తెలుసుకోవడానికి వినపడని మనిషి దగ్గరికి పోతున్నందుకు మద్దిలేటికి తన మీద తనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు కూడా సగంలోనే ఆగిపోయింది.

ఉస్తాద్ వాకిట్లో మంచానికి నవారు అల్లుతున్నాడు.

"ఏం రా, చిక్కిపోయినావే?"

"యాడ చిక్కినా ఉస్తాద్, ఐదు కేజీలు పెరిగినా."

"ఒళ్ళు కాదు, మొగం."

మద్దిలేటి ఎదురుగా గొంతుకూర్చుని జరిగిందంతా చెప్పాడు. రెండు బేరింగులు, బ్రేకులు, ఘాటు, ఐదుగురు మనుషులు, తన నోరు. ఉస్తాద్ ఒక కన్ను మద్దిలేటి పెదవుల మీద, ఒక కన్ను నవారు మీద ఉంచి అంతా విన్నాడు.

"శబ్దం వస్తాందని మొదట చెప్పింది ఎవరు?"

"డాక్టరు సార్ వాళ్ళమ్మ, సుంకులమ్మ. ఆమె మాటకేముందిలే ఉస్తాద్. 'నా కింద ఎవరో రోకలితో దంచుతాండారు నాయనా' అంటాది. ఎనభై ఏండ్ల మనిషి, చెవుల్లో హోరుంటాది కదా..."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఎవరి ముందు ఎవరి చెవుల గురించి మాట్లాడుతున్నాడు! ఉస్తాద్ నవారు లాగి బిగించాడు.

"నువ్వేమన్నావు ఆమెతో?"

"ఏమీ అనలేదు."

ఉస్తాద్ చూస్తూనే ఉన్నాడు.

"నవ్వినా" అన్నాడు మద్దిలేటి.

"ఏ పక్క కూచుంటాది?"

"వెనక. ఎడమ పక్క, కిటికీ కాడ."

ఉస్తాద్ నవారు కొసను మంచం కోడుకు ముడివేసి, చెప్పులు తొడుక్కుని, చేయి చాపాడు. "తాళం."

మద్దిలేటి ముందు తలుపు తీయబోయాడు. ఉస్తాద్ తల అడ్డంగా ఊపి వెనక సీటులో ఎడమ పక్క చూపించాడు.

"ఆడ కూచో."

"ముందర కూచుంటే నాకు బాగా వినబడతాది ఉస్తాద్."

"మూడు దినాలు ముందరే కదా కూచున్నావు."

మద్దిలేటి మారు మాట్లాడకుండా వెనక ఎక్కాడు. ఎక్కాక మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఇరవై ఏళ్ళలో కొన్ని వేల బండ్లు బాగు చేశాడు. బాగు చేసిన ఒక్క బండిలోనూ వెనక కూర్చోలేదు.

కారు గిద్దలూరు రోడ్డు ఎక్కింది. ఉస్తాద్‌కు డెబ్బై రెండేళ్ళు. లైసెన్సు సంగతి అడిగే ధైర్యం మద్దిలేటికి లేదు.

నలభైలో ఏమీ లేదు. యాభై దాటగానే మొదలైంది. దబ్... దబ్... దబ్.

ముందు కూర్చున్నప్పుడు అది కారంతా పరుచుకున్నట్టు పలచగా వినపడేది. తన బరువు పడ్డాక ఇప్పుడు దానికొక చోటు దొరికింది. తొడల్లోకి, వెన్నులోకి వస్తోంది. చెవులతో పనే లేదు.

జేబులో ఫోను మోగింది. డాక్టరు గారు. ఎత్తలేదు.

అరవై. ఉస్తాద్ స్టీరింగు మీద వేళ్ళు సడలించి, అరచేతులు మాత్రం ఆనించి ఉంచాడు. స్టీరింగు కదలకుండా నిలబడింది. ముందు చక్రంలో లోపముంటే స్టీరింగు వణకాలి, వెనక చక్రంలో ఉంటే సీటు వణకాలి. ఇది మద్దిలేటికి కొత్త సంగతి కాదు. పనిలో చేరిన మొదటి ఏడే ఈ ఉస్తాదే చెప్పాడు. నిన్నటిదాకా తన షెడ్డులో పనివాళ్ళకు తనూ చెబుతున్నాడు, గొంతు సవరించుకుని మరీ.

రోడ్డు కుడికి తిరిగింది. ఒళ్ళంతా ఎడమ తలుపు మీదికి ఒరిగింది. దబ్ దబ్ దబ్ దబ్. ఊపిరి తీసుకోవడానికి సందివ్వడం లేదు. కిటికీ అవతల రోడ్డు అంచు తెల్లగీత పారిపోతోంది. ఘాటులో ఈ గీత అవతల ఏమీ ఉండదు. ఇక్కడే, ఈ కిటికీ పక్కనే, ఆ పెద్దామె కూర్చుంటుంది. తన కింద రోకలి దంచుతుంటే ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పుకుంటే ఎవరు నవ్వుతారు?

"ఆపండి ఉస్తాద్!"

ఉస్తాద్‌కు వినపడలేదు. మలుపులో ఆయన చూపు రోడ్డు మీదే ఉంది.

"ఉస్తాద్! చక్రం! ఆపండి!"

ఎదురుగా లారీ వస్తోంది. కారు అదే వేగంతో పోతోంది. ఇంత గట్టిగా అరిచినా అందని మాట ఎలా ఉంటుందో మద్దిలేటికి మొదటిసారి తెలిసింది. ముందుకు వంగి, తొమ్మిదేళ్ళలో ఏనాడూ ముట్టుకోని గురువు భుజాన్ని రెండు చేతులా పట్టుకుని కుదిపాడు.

కారు మెల్లగా పక్కకు వచ్చి ఆగింది. ఉస్తాద్ వెనక్కి తిరిగాడు.

"యాడ?"

"ఈడ. నా కిందనే."

మద్దిలేటి వెనక ఎడమ చక్రం దగ్గర జాకీ పెట్టి ఎత్తాడు. ఈ మూడు రోజుల్లో కారు వెనక భాగం నేల విడవడం అదే మొదలు. చక్రం ఊడదీశాడు. టైరు బయటి వైపు కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తోంది. మొన్న తనే దగ్గరుండి పాలిష్ పెట్టించాడు. తిప్పి లోపలి వైపు చూశాడు. పిడికిలంత ఉబ్బు. దాని మీద రబ్బరు పగిలి లోపలి దారాలు బయటికొచ్చాయి. వేలితో తాకబోయి చేయి వెనక్కి తీసుకున్నాడు.

కాసేపు ఆ టైరు పక్కనే మట్టిలో చతికిలబడ్డాడు. ఐదుగురు. మూడు గంటలకు. పూచీ తనది.

ఉస్తాద్ డిక్కీలోంచి స్టెప్నీ తనే దొర్లించుకొచ్చి, లోపలి వైపు, బయటి వైపు చేత్తో తడిమి చూసి, మద్దిలేటి ముందు నిలబెట్టాడు. అతను లేచి చక్రం ఎక్కించాడు. జాకీ దించి, నట్లు ఒక్కొక్కటీ మళ్ళీ బిగించాడు. స్పానరు రెండుసార్లు జారింది.

ఆ తర్వాత గురువుకు ఎదురుగా వచ్చి నిలబడి, పెదవులు కనపడేలా నిదానంగా అడిగాడు.

"మీకు శబ్దం వినపడదు కదా ఉస్తాద్. ఇంటి కాడనే నన్ను ఈ సీట్లో కూచోబెడితిరి. ఇక్కడిదని మీకెట్ల తెలిసింది?"

ఉస్తాద్‌కు ఆ ప్రశ్న వింతగా తోచినట్టుంది.

"నాకేం తెలుసురా. తెలిసినామె చెప్పిందంటివి కదా."

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తాడు.

"ఏం మద్దిలేటీ, ఎన్నిసార్లు చేయాల? మూడింటికి బయల్దేరాల మేము. తేలిందా లేదా?"

అలవాటైన మాట ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. మద్దిలేటి దాన్ని మింగాడు.

"సార్, ఒక్క నిమిషం. ఫోను మీ అమ్మకియ్యండి."