సుంకన్న చేని శనగాకు

శాంతంగా ప్రశ్న అడిగినవాళ్లకు మహాలింగయ్య స్వామి శాంతంగానే జవాబు చెబుతారు. కోపంగా అడిగారో, అయిపోయిందన్నమాటే, ఆయనకు ఆకలేస్తుంది. "అది సరేగానీ నాయనా, మీ ఇంట్లో ఈ పూట ఏం వండుతున్నారు?" అంటూ లేచి చెప్పులు వెతుక్కుంటారు. బూదిగట్టు మఠానికి వచ్చిపోయేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఆయన శిష్యుడు ఈరన్నకు మరీ బాగా తెలుసు. తెలిసి కూడా ఆ పుష్యమాసపు మధ్యాహ్నం నిప్పు తొక్కిన కోతిలా మఠం మెట్లెక్కాడు.

కోపం రాక ఏమవుతుంది లెండి. ఈరన్న ఆ ఊరి రైతు సంఘం సెక్రటరీ. ఆ నల్లరేగడి నేలలో చలికాలపు పంటంటే శనగే. వాన లేకపోయినా, రాత్రి కురిసే మంచుకే మొక్క నిలదొక్కుకుంటుంది. ఆ ఏడు మంచూ బాగానే కురిసింది, మొక్కా బాగానే లేచింది. కానీ తెల్లవారుజామున ఆ మంచులోనే జింకలు మందలు మందలుగా దిగి, లేత చిగుళ్లన్నీ మొదలంటా కొరికేసి పోయాయి. వాటి మీద చెయ్యి వేస్తే జైలు. ఊరుకుంటే పస్తు. ఈరన్న ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, కనబడిన ప్రతివాడికీ దండం పెట్టి, ఎట్టకేలకు నష్టం రాసుకునే ఆఫీసరును ఊరికి రప్పించాడు. ఆయన రాస్తేనే పరిహారం. రాయకపోతే మళ్లీ విత్తనం వెయ్యడానికి ఊళ్లో చాలామందికి దారి లేదు.

ఆఫీసరు ఆ పొద్దునే వచ్చాడు. ఈరన్న మెయిన్ రోడ్డు మీద ఎదురుచూస్తుంటే, జీపు అడ్డదారిన ముందే ఊళ్లోకి పోయింది. ఊరికి పెద్ద తిమ్మప్ప తాత ఎదురెళ్లాడు. పాపం, అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఆయనే. కొండ పక్కన ఆయన చేలో మోళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. అయినా ఆయన ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని, ఆఫీసరును తిన్నగా రోడ్డు పక్కనున్న సుంకన్న చేనికి తీసుకుపోయాడు. బండ్ల చప్పుడుకు జింకలు అటు రావు కాబట్టి ఊరు మొత్తానికి పచ్చగా ఉన్నది ఆ ఒక్క చేనే. "మా ఊరి శనగంటే ఇదీ సారూ" అని చూపించి, జొన్నరొట్టె తినిపించి, మజ్జిగిచ్చి పంపించాడు. ఆఫీసరు సంతోషపడి, పంట బాగుందని రాసుకుని జీపెక్కాడు. సంగతి తెలిసి ఈరన్న జీపు వెనకాల పరిగెత్తి బతిమాలితే, రేపు పొద్దున తిరుగుదారిలో ఇంకోసారి ఆగుతానన్నాడు. ఆ తర్వాత మళ్లీ రాడు.

"తన చేను నాశనమై కూచున్న ముసలాయన, పరాయోడి పచ్చచేను చూపిస్తాడా సామీ!" అన్నాడు ఈరన్న, ఆయాసం తీరకుండానే. "ఏం తాతా ఇట్ల జేస్తివి అంటే, ఊరికొచ్చిన మనిషికి బోడిచేను ఎట్ల చూపేది, మన పరువేం గావాలంటాడు. ఊరంతా ఆయనకే తలూపుతాండారు. తమ నష్టాన్ని తామే దాచుకునేటోళ్ల కోసం నేనెట్ల కొట్లాడేది? రేపు నేను పోను. వాళ్ల సావు వాళ్లు సావనీ."

స్వామి శాలువా సర్దుకుని లేచారు. "శనగాకు పప్పు తిని ఎన్నాళ్లయిందో ఈరన్నా. మీ చేలో ఇంత లేతాకు గిల్లుకొచ్చి పప్పు చెయ్యమను లింగమ్మను. పద."

ఈరన్న చేలో ఆకు ఎక్కడుంది గనక? కానీ గురువు నోరు తెరిచి అన్నం అడిగాడు. లేదని ఎట్లా అంటాడు? "అంతకంటే భాగ్యమా సామీ. మీరు నిదానంగా రాండి, నేను ముందు పోతాండా" అని అడ్డదారిన ఇంటికి పరిగెత్తి, భార్య చెవిలో ఏదో చెప్పాడు. లింగమ్మ అతని ముఖం వంక ఒకసారి చూసి, కొంగు దోపుకుని పెరటి దారిన వెళ్లిపోయింది. స్వామి వచ్చేలోపు ఈరన్న మంచం మీది బొంతను చిరుగు కనబడకుండా తిరగేసి పరిచాడు.

పప్పు ఘుమఘుమలాడింది. స్వామి రొట్టె తుంచి, పప్పులో అద్దుకుని ఇష్టంగా తిన్నారు. "ఆకు బలే లేతగుంది. మీ చేలోదేనా?"

"మాదే సామీ."

"ఈ ఏడు పంట ఎట్లుంది?"

"మీ దయవల్ల బాగుంది సామీ."

ఆ మాట తన నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఈరన్నకే తెలియదు. ఎప్పుడు ఎవరడిగినా వాళ్ల నాయన చెప్పే మాట, తాత చెప్పిన మాట, అలవాటుగా వచ్చేసింది. రొట్టె తడుతున్న లింగమ్మ చెయ్యి ఆగింది.

"ఆకు సుంకన్న చేలోది సామీ," అంది ఆమె, పొయ్యి వైపు చూస్తూనే. "రోడ్డు పక్కది. మా చేలో గిల్లను ఆకే లేదు."

సిగ్గుతో ఈరన్న చచ్చిపోయాడు. తల ఎత్తలేకపోయాడు. స్వామి మాత్రం ఏమీ విననట్టు ఇంకో రొట్టె అడిగి, తిని, చెయ్యి కడుక్కున్నారు. "చేను చూసొద్దాం పద," అన్నారు.

ఇద్దరూ చేరేసరికి చేలో ఇంకా ఎండ ఉంది. కొరికేసిన మోళ్లు, మెత్తటి మట్టిలో గిట్టల గుర్తులు, అంతే. స్వామి గట్టు మీద కూర్చున్నారు. ఈరన్న నిలబడి ఏవేవో చెప్పాడు. గట్టు తెగితే తనే రాళ్లు మోసి కట్టిన సంగతి చెప్పాడు, పక్క చేనివాళ్లతో పాత తగాదా చెప్పాడు, నిరుటి ధర చెప్పాడు. స్వామి గట్టు మీది మట్టిపెళ్లలు చిదుపుతూ అన్నీ విన్నారు. చలి మెల్లగా దిగింది. మాటలన్నీ అయిపోయాక ఈరన్న స్వామి పక్కన కూలబడ్డాడు.

"పోయింది సామీ," అన్నాడు. "అంతా పోయింది."

అని బావురుమన్నాడు. ఊరి నష్టం గురించి ఎన్ని ఆఫీసుల్లో గొంతు చించుకున్నాడో లెక్కలేదు గానీ, తన చేను పోయిందని ఒక్క మనిషితో కూడా అనలేదు అతను, కట్టుకున్నదానితో సహా. స్వామి అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచారు.

కాసేపటికి ఈరన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "రేపు ఆఫీసరును ముందు నా చేనికే తోలుకొస్తా సామీ. ఆ తర్వాత తాత చేనికి. తాత ఒప్పుకుంటాడంటారా?"

స్వామి మోకాళ్లు పట్టుకుని లేచి, మసకచీకట్లో ఊరి వైపు చూశారు.

"నీ నోటికి పోయిందనే మాట రావడానికే పొద్దు గూకింది," అన్నారు. "ముసలాయనకు ఇంకొంచెం సేపు పడుతుంది. ఇప్పుడే పోయి పక్కన కూచో."