ఎలుక కడుపుకు తాళంచెవి

మల్లభూపాలుడికి కొంతకాలంగా తిన్నది అరగడం లేదు. అన్నం కడుపులో రాయిలా కూర్చుంటోంది. విసిగిపోయి నిండు సభలో ప్రకటించాడు:

"నా కడుపును కదిలించినవాడి కాలికి గండపెండేరం తొడుగుతాను!"

ఘటికాచార్యులు వెంటనే లేచాడు. ఈ మధ్యే కొలువులో చేరిన వైద్యుడు. రోజూ రాజుగారి విస్తరి పక్కనే పీట వేసుకుని, "నెయ్యా? గుండెపోటు. వంకాయా? దురద. పెరుగా? ఇక చెప్పక్కర్లేదు" అని వంటకానికో రోగం అంటగట్టేవాడు.

మర్నాడు ఒక చేతిలో ఎలుక బోను, ఇంకో చేతిలో తన పెంపుడు పిల్లితో సభకొచ్చాడు.

"ప్రభూ, కడుపు కండరంలో కంటికి కనబడని తాళాలుంటాయి. సరైన తాళంచెవి పడితేనే కండరం కదులుతుంది. ఆ తాళంచెవి నా చూర్ణం!"

ఎలుక పొట్ట మీద బొచ్చు గొరిగి ఉంది. లోపల ఏ కదలికా లేదు. ఆచార్యులు చిటికెడు చూర్ణం తినిపించి, పిల్లిని శిష్యుడికిచ్చి బయటికి పంపేశాడు. కాసేపటికి పల్చటి చర్మం కింద కడుపు అలలు అలలుగా కదిలింది.

సభంతా ఆహా అంది. వెనక వరుసలో ఏమీ కనబడనివాళ్ళు ఇంకా గట్టిగా అన్నారు.

రాజు చూర్ణం కోసం చెయ్యి చాపాడు. ఆస్థానంలో మాటకారి కొమ్మన అడ్డొచ్చాడు.

"ఆచార్యులవారూ, ఇంకొక్కసారి చూపించండి. ఈసారి పిల్లి ఇక్కడే ఉంటుంది."

"పిల్లికీ శాస్త్రానికీ ఏమిటయ్యా సంబంధం?"

"లేదుగా? అయితే ఉండనివ్వండి."

పిల్లి తిరిగొచ్చింది. ఎలుక కడుపు ఠక్కున ఆగిపోయింది. ఆచార్యులు చెమటలు కక్కుతూ చిటికెల మీద చిటికెలు తినిపించినా కదల్లేదు. కొమ్మన పిల్లిని ఎత్తుకెళ్ళి బయట వదిలొచ్చాడు. కాసేపటికి, కొత్తగా మందేమీ పెట్టకుండానే, కడుపు కదలడం మొదలెట్టింది.

"తాళాల మాట నిజమే ప్రభూ. కానీ భయమూ ఒక తాళంచెవే. అది పడితే కడుపు పని మానేస్తుంది."

రాజు బుర్ర గోక్కున్నాడు. "ఎలుక సంగతి సరేనయ్యా! నా భోజనశాలలో పిల్లి లేదే?"

కొమ్మన వైద్యుడి వంక చూశాడు.

"ఉంది ప్రభూ. పీట వేసుకుని మరీ కూర్చుంటోంది."

ముందు రాణిగారు నవ్వారు, తర్వాత సభంతా. రాజు పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి, ఆ పూట నుంచి ఆచార్యుల భోజనం ఆయన ఇంట్లోనే అని ఆజ్ఞాపించాడు.

తర్వాత తానే వంగి కొమ్మన కాలికి గండపెండేరం తొడిగాడు. ఆ వంగడంలో పెద్ద త్రేన్పు వచ్చింది.

సభ దానికి కూడా చప్పట్లు కొట్టింది.