కేకలమ్మ తల్లికి ఉలవపచ్చడి నైవేద్యమైన వైనం

"అమ్మా! ఆకలేస్తోందే!"

వీరరాయకోట పాతరల వీధిలో మిట్టమధ్యాహ్నం ఈ కేక వినబడగానే కొత్తగా వచ్చిన యాత్రికులు ఉలిక్కిపడతారు. ఏ బిడ్డకు ఏమైందోనని చెప్పులు వదిలేసి పరుగెత్తినవారూ ఉన్నారు. కంగారు పడకండి. అది శ్రీ కేకలమ్మ తల్లి నైవేద్యపు పిలుపు. ఈ గుడిలో గంట కొట్టరు, శంఖం ఊదరు. ఒక పసిబిడ్డ గొంతెత్తి అరవాలి, అంతే. లోపలికి వెళ్తే మరో వింత. ముఖం, చేతులు ఉన్న విగ్రహమే ఉండదు. రోట్లో ఒక ఇనుప గుండు, దానికి పసుపు, కుంకుమ. అవునండీ, ఫిరంగి గుండే! మనుషుల్ని చంపడానికి వచ్చినదే!

పూర్వం ఇక్కడ శత్రువులు ఏళ్ల తరబడి ముట్టడి వేశారు. ధాన్యం దాచుకోవడానికి నేలలో తవ్విన లోతైన గోతులు, ఒకదానిలోంచి ఒకదానిలోకి దారులతో, ఈ వీధి నిండా ఉండేవి. వాటినే పాతరలంటారు. గుండు వస్తోందని బురుజు మీది కాపలావాడు కేకేయగానే తల్లులు పిల్లల్ని వాటిలోకి దించేవారు. నాంచారి అనే ఇల్లాలు తన కూతురు పేరిందేవికి మాటలకన్నా ముందు ఇదే నేర్పింది: "కేక వినబడితే గోతిలో దూరు. ఎవరు పిలిచినా పలకకు. నేను పిలిచినా సరే పలకకు తల్లీ, మెడమీద కత్తి పెట్టి నాచేతే పిలిపిస్తారేమో!" వింటుంటేనే ఒళ్లు జలదరిస్తుంది కదూ!

ఒకనాడు ఒక గుండు నాంచారి పెరట్లో పడి రుబ్బురోటి పొత్రాన్ని ముక్కలు చేసింది. ఏడుస్తూ కూర్చుంటే కడుపు నిండుతుందా? గుండు చల్లారాక ఆమె దాన్నే రోట్లో వేసి ఉడికిన ఉలవలు రుబ్బింది. అప్పటినుంచి ప్రమాదం తప్పిన ప్రతిసారీ ఆ గరగర వినబడేది. అది విని వీధి పిల్లలంతా పైకి వచ్చేవారు.

యుద్ధం ముగిసింది. బురుజులు మళ్లీ లేచాయి, అంగళ్లు తెరిచారు. "మా పిల్లలు ఎంత బుద్ధిమంతులో, నోట్లో నాలుక లేనివాళ్లు!" అని తల్లులు మురిసిపోయేవారు. దాన్ని బుద్ధి అనుకున్నారు, పాపం!

కొత్త కోటగుమ్మం నిలిపిన రోజున వీధంతా కలిసి బంతిభోజనం పెట్టుకుంది. శత్రువుల గుండ్లన్నీ కందకంలో పారేయమని వీధిపెద్ద చెన్నపనాయుడు ఆజ్ఞ. ఆ తెల్లవారుజామునే నాంచారికి కల వచ్చింది. ముఖాన పసుపు దట్టించుకున్న ఒక ముత్తైదువ గుమ్మంలో నిలబడి, "పిల్లలింకా భోజనానికి రాలేదు, నన్నెక్కడికి పంపేస్తావే?" అంది. అర్థం కాకపోయినా నాంచారి తన గుండును చేట కింద దాచేసింది.

విస్తళ్లు వేశారు. చెన్నపనాయుడు సంతోషం పట్టలేక, "వడ్డించామర్రా, రండీ!" అని వీధి అదిరేలా కేకేశాడు.

అంతే. వీధిలో ఒక్క పిల్ల లేదు!

తల్లులు పేర్లు పెట్టి పిలిచారు, గుండెలు బాదుకుంటూ పిలిచారు. పిలిచినకొద్దీ పిల్లలు ఇంకా లోపలి గోతుల్లోకి వెళ్లిపోయారు. ఆ లోపలివి మూతపడి ఏళ్లయిన పాతరలు. దీపం దింపితే ఆరిపోయే చెడుగాలి వాటిది. నాంచారి నేలకు చెవి ఆనించింది. అలికిడి లేదు. "నా బిడ్డ అరవగా నేనెప్పుడైనా విన్నానా?" అన్న ఆలోచన అప్పుడు పిడుగులా పడిందామెకు.

"ఎవరూ అరవకండి!" అని ఆమె చేతులు జోడించింది.

"పిలవకపోతే ఎలా వస్తారే, మతి పోయిందా?" అన్నాడు చెన్నపనాయుడు.

"పిలిస్తే రావద్దని నేర్పింది మనమే, పెదనాయనా."

కల గుర్తొచ్చి ఆమె ఇంట్లోకి పరుగెత్తింది. గుండు తెచ్చి రోట్లో పడేసి, గుప్పెడు ఉలవలు వేసి రుబ్బసాగింది. గరగర... గరగర... చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. ఊపిరి బిగబట్టిన వీధిలో ఆ ఒక్క చప్పుడే!

కొంతసేపటికి ఒక మూత కదిలింది. బూజు పట్టిన తలలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. అందరికన్నా చివర, రొప్పుతూ పేరిందేవి వచ్చింది. చుట్టూ చూసింది. రుబ్బుతున్న తల్లిని చూసింది. నోరు తెరిచి, పుట్టాక మొదటిసారి, కోట మారుమోగేలా అరిచింది:

"అమ్మా! ఆకలేస్తోందే!"

ఆ అరుపుకు పావురాలు ఎగిరిపోయాయి. చెన్నపనాయుడు చిన్నపిల్లాడిలా ఏడ్చి, ఆ గుండు ముందు తన తలపాగా విప్పి పరిచాడు. కలలో వచ్చిన ముత్తైదువ ఈ గుండేనని, రోట్లోనే దాన్ని కేకలమ్మ తల్లిగా నిలిపారు. పేరిందేవి పెరిగి పెద్దదై, ఈ గుడికి తొలి పూజారిణి అయింది. పగలంతా గలగలా మాట్లాడుతూనే ఉండేదట, ఎవరూ ఆపేవారు కాదట!

నేటికీ ఈ వీధిలో పిల్లల్ని "నోర్ముయ్" అనరు. మాట రాని బిడ్డలను, జడుసుకున్న బిడ్డలను తెచ్చి అమ్మవారి ఉలవపచ్చడి నాలుకకు రాస్తే గొంతు విచ్చుకుంటుందని భక్తుల నమ్మకం. ఇక్కడ విస్తరి ముందు పెద్దలు ఎంత ఆకలైనా బిడ్డ కేక వినబడేదాకా నిలబడే ఉండాలి. మీరూ నిలబడండి. అదిగో, వీధి చివర ఏ తల్లి బిడ్డో కేకేసింది! ముందు పిల్లలకు పచ్చడి పడింది. ఇక అందరూ కూర్చోండి, జరిగి చోటివ్వండి, అన్నం వేడిగా ఉంది.