వాలుకు అడ్డంగా పడుకున్న సాలమ్మ

నమ్మలేనివారు ఇక్కడే చెప్పులు తొడుక్కుని దిగిపోవచ్చు. ఎర్రదిన్నె మీది సాలమ్మ తల్లి నిలబడి ఉండదు, కూర్చుని ఉండదు. వాలుకు అడ్డంగా పడుకుని ఉంటుంది. పద్నాలుగు లోకాల్లో ఇలాంటి దేవత ఇంకెక్కడైనా ఉంటే చూపించండి!

పూర్వం ఇక్కడ రైతులు దిన్నె నెత్తి నుంచి వంక దాకా నిలువుగా దున్నేవారు. సాలు తిన్నగా దిగకపోతే మగతనానికే లోటనుకునేవారు. వాన వస్తే ఆ సాళ్లే కాలువలు. అప్పటి వానలు ఇప్పటివంటివి కావు. చినుకు గుమ్మడికాయంత! మొదటి చినుకుకు ఎద్దు తడిసేది, రెండో చినుకుకు ఈదేది. మన్నంతా వంకపాలయ్యేది.

దిన్నె నడుమ భర్త పోయిన తిప్పక్కకు ఒక చేను ఉండేది. దాని పైచేను మరిది మారెప్పది. తిప్పక్క చేలో రాళ్లు తేలి, జానెడు మన్ను మిగిలింది. అదీ పోతే ఊరు విడిచి కూలికి పోవలసిందే. ఆమె చేను దిగువన బంకమట్టి మెత్తి, సందు లేకుండా గోడ కట్టింది. నీళ్లు వెనక నిండి, గోడను పగలగొట్టి, ఉన్న మన్నులో సగం ఈడ్చుకుపోయాయి.

"గోడ అయింది కదా వదినా! ఇంక మబ్బును పట్టి గుంజకు కట్టెయ్!" అని మారెప్ప నవ్వాడు.

ఆ చేలోనే సాలమ్మ రాయి ఉండేది. ఎన్నిసార్లు నిలబెట్టినా ప్రతి వానకూ పడిపోయేది. ఒక మధ్యాహ్నం తిప్పక్క ఏడ్చి ఏడ్చి, ఆ రాయికి తల ఆనించి కునుకు తీయగా అమ్మవారు కలలో కనిపించింది.

"నిలబడి నిలబడి నా నడుము పోయిందే! వాలుకు అడ్డంగా పడుకోబెట్టు. నా పక్కన రాళ్లు పేర్చు, మట్టి మాత్రం మెత్తకు. నీళ్లను పోనిస్తాను, మన్నును పట్టుకుంటాను."

దేవతను పడుకోబెడితే అరిష్టమని ఊరంతా తిట్టిపోసింది. తిప్పక్క వినలేదు. ఏడు జతల ఎడ్లు కదపలేని రాయిని ఒంటిచేత్తో పడుకోబెట్టింది. చేను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే మట్టాన రాళ్లు పేర్చి, సాళ్లు కూడా అడ్డంగా దున్నింది.

దిన్నె కరిగిపోతుందా అన్నంత వాన పడింది. వెలిశాక చూస్తే రాళ్ల సందుల్లోంచి తేటనీళ్లు దిగుతున్నాయి. వెనక మోకాటిలోతు ఎర్రమన్ను! అందులో సగం మారెప్ప చేనుది. అతడు గంప పట్టుకుని పరుగున వచ్చాడు.

"నా మన్ను నాకియ్యి వదినా!"

"మోసుకుపో మరిదీ. మళ్లీ వానకు అదే నడిచొస్తుంది" అంది తిప్పక్క. అంతలో అతని కళ్లలో నీళ్లు చూసి ఆమె మనసు కరిగింది. "గంప అవతల పెట్టి రాయి పట్టు. నీ చేలోనూ అడ్డం వేద్దాం, రా."

నేటికీ భక్తులు కొబ్బరికాయతో పాటు ఒక రాయి తెచ్చి, తల్లి పక్కన అడ్డంగా పేరుస్తారు. ఏరువాకనాడు తొలి సాలు గుడి ముందు అడ్డంగానే సాగుతుంది. అలా చేసినవారి చేను చెదరదు, ఇల్లూ చెదరదు.

ఇదంతా కోతలనేవారు గుడి వెనక కొర్రచేను దగ్గరికి వెళ్లండి. మారెప్ప మునిమనవరాలు అక్కడ కలుపు తీస్తూ ఉంటుంది. "తిప్పక్క చేలో సగం మన్ను మాదే" అని ఈనాటికీ పోట్లాడుతుంది. ఆమె పేరు సుంకులమ్మ.