కౌజు నేర్చిన బాతుల భాష

అనగనగా ఒక అడవి, ఆ అడవి అంచున ఒక సరస్సు ఉండేవి. ఏ రాజు కాలంలో అని అడిగితే, పిల్లలూ, నా దగ్గర ఆధారం లేదు. చలికాలం రాగానే ఉత్తరదేశపు బాతులు ఆ సరస్సులో దిగేవి. వాటి భాష అడవిలో ఎవరికీ తెలియదు.

మధురకంఠుడనే గోరింక మాత్రం విన్న కూతను విన్నట్టే పలికేవాడు. అందువల్ల అందరూ అతణ్ణి పండితుడని పిలిచేవారు.

సరస్సు పక్క గడ్డిలో సునిశిత అనే కౌజుపిట్ట గుడ్లు పొదుగుతూ ఉండేది. గూడు విడిచి కదలడానికి వీల్లేదు. ఊరికే కూర్చోవడమెందుకు, ఆ భాష నేర్చుకుందామనుకుంది.

బాతులు 'క్రాంక్' అని అరిచి ఎగిరిన రోజు ఆకాశంలో డేగ కనిపించింది. ఆ మాటకు డేగ అని అర్థం కాబోలు అనుకుంది కౌజు. కానీ ఒకసారి సరిపోయినంత మాత్రాన నమ్మలేదు. మరొక రోజు అదే కూత వినబడింది, అప్పుడు వచ్చింది నక్క. ఇంకొక రోజు వచ్చింది జాలరి పడవ. అప్పుడు గాని స్పష్టం కాలేదు, 'క్రాంక్' అంటే 'లేచిపొండి' అని.

ప్రతి ఉదయం పిల్లబాతులు నాయకురాలిని ఏదో అడిగేవి. ఆమె ఒక మాట చెప్పగానే గుంపంతా కొండవైపో వాగువైపో సాగేది. అలా 'ఎటు' అనే ప్రశ్న, దిక్కుల పేర్లు కూడా పట్టుబడ్డాయి.

కౌజు గూట్లో కూర్చుని ఆ మాటలను మెల్లగా పలికి చూసుకునేది. అది విని పొరుగున ఉన్న కుందేలు అడిగింది: "ఏమక్కా, గుడ్లకు పాఠం చెబుతున్నావా?"

"నాకే చెప్పుకుంటున్నాను తమ్ముడూ. తప్పు పలికినా ఇవి నవ్వవు," అంది కౌజు.

గురువు లేకుండా భాష రాదని, ఆమె ఉచ్చారణ వింటే బాతులు వలసే మానుకుంటాయని గోరింక ఎగతాళి చేశాడు.

చలి తగ్గింది. గుడ్లు పిల్లలయ్యాయి గాని వాటికి రెక్కలు రాలేదు. గడ్డి ఎండిపోయింది. ఒక మధ్యాహ్నం ఆకాశంలో తిరుగుతున్న బాతులు 'క్రాంక్, క్రాంక్' అని అరవసాగాయి. అది వీడ్కోలు పాట అని గోరింక అందరికీ చెప్పి, తానూ కొమ్మమీద కూర్చుని తియ్యగా అందుకున్నాడు. అడవి మైమరచి విన్నది.

కౌజు మాత్రం ఆలోచనలో పడింది. బాతులు అప్పటికే గాలిలో ఉన్నాయి. ఎగిరినవాళ్లు 'లేచిపొండి' అని తమకు తాము చెప్పుకోరు. అంటే నేలమీద ఉన్నవాళ్లకే చెబుతున్నాయి. గడ్డిలోంచి ఆమెకు ఏ అపాయమూ కనబడదు. తప్పుదారి పడితే పిల్లలు దక్కవు. తన పలుకు విని అందరూ నవ్వుతారేమోనని క్షణం ఆగింది. తర్వాత మెడ ఎత్తి, వచ్చీరాని ఉచ్చారణతో బాతుల భాషలో గట్టిగా అడిగింది: "ఎటు?"

కుందేలు పకపకా నవ్వింది. బాతుల నాయకురాలు నవ్వలేదు. కిందికి దిగివచ్చి, "వాగువైపు. కొండమీద గడ్డి అంటుకుంది," అని చెప్పింది.

మొదటి మాట కౌజుకు అర్థమైంది. రెండవది కాలేదు. మొదటిదే చాలు.

"తమ్ముడూ, నవ్వడం తర్వాత. నీ కూనలను తీసుకుని నా వెనకే రా," అంది. ఆ గొంతులోని నిశ్చయం విని కుందేలు మారుమాట లేకుండా కదిలింది. వాళ్లు పిల్లలతో వాగు దాటి వెనక్కి చూసేసరికి, ఖాళీ గూటిని మంటలు కమ్ముకుంటున్నాయి.

సాయంత్రం గోరింక తోక కాల్చుకుని వచ్చి కౌజు పక్కన వాలాడు.

"సునిశితా, ఇంతకీ నేను పాడినదానికి అర్థమేమిటమ్మా?"

"'లేచిపొండి' అని, అన్నా. అడవి అంతటినీ ఎంతో చక్కగా హెచ్చరించావు. నీకు తప్ప ఎవరికీ అంత బాగా పలకడం రాదు. నువ్వు కూడా వినివుంటే తోక మిగిలేది."

నీతి: పరభాషను ఇంట కూర్చునే నేర్చుకోవచ్చు, పలుకు వంకరైనా నష్టం లేదు, అర్థాన్ని మాత్రం సరిచూసుకోవాలి, అవసరమైన వేళ సిగ్గుపడక నోరు విప్పాలి.